శ్రేఢిలో ‘ఢ’ ఎవరికి బరువు?

మొదటి టపా – విజయనగరం నుంచి

గుంపులోని పెద్దలకు, పిన్నలకు నమస్కారం. ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. విశ్రాంతి అన్నది మాటవరసకే, సాయంత్రం పూట వీధి అరుగు మీద పదో తరగతి పిల్లలకు చెబుతూనే ఉన్నాను. ఈ ఏడాది వాళ్లు మూడు రెట్లు పెరిగారు, అరుగు చాలడం లేదు.

విషయానికి వస్తాను. ఒక నియమం ప్రకారం నడిచే సంఖ్యల వరుసను లెక్కల్లో శ్రేఢి అంటారు. నిన్న ఒక పిల్లవాడి తండ్రి వచ్చి, ‘శ్రేఢి ఏమిటి మాస్టారూ, నోరు తిరగని ఆ మాట బదులు వరుస అంటే సరిపోదా? ఆ ఢ వల్లే మావాడికి లెక్కలు రావడం లేదు’ అన్నారు. ఆ మాట రాత్రంతా మనసులో తిరిగింది. ఇన్నేళ్లలో ఢ వల్ల లెక్క తప్పిన పిల్లవాడు ఒక్కడూ నాకు గుర్తు లేడు. శ్రేడి అని రాసినవాడు, శ్రేఢీ అని దీర్ఘం తీసినవాడు, శ్రేణి అని రాసినవాడు అందరూ లెక్క సరిగ్గానే చేశారు. తప్పిందల్లా చిన్న తెలుగు ముక్కల దగ్గర: ‘చొప్పున’, ‘రెట్లు’, ‘కు’, ‘నాటికి’, ‘తర్వాత’. అలవాటైన మాటలు కాబట్టి వాటి దగ్గర ఎవరూ ఆగరు.

ఈ రెండు వాక్యాలు చూడండి.

రోజుకు 5 రూపాయల చొప్పున 30 రోజులు దాచాడు.
మొదటి రోజు 5 రూపాయలతో మొదలుపెట్టి, రోజుకు 5 రూపాయల చొప్పున పెంచుతూ 30 రోజులు దాచాడు.

మొదటిదానికి జవాబు 150. రెండోదానికి 2,325. తేడా అంతా ‘పెంచుతూ’ అన్న ఒక్క మాటలో ఉంది. మొదటి వాక్యంలో రోజూ దాచేది మారదు, హుండీలో పోగైన మొత్తమే 5, 10, 15 అంటూ అంకశ్రేఢిలో, అంటే ప్రతిసారీ అంతే కలుస్తూ నడుస్తుంది. రెండో వాక్యంలో రోజూ దాచేదే అంకశ్రేఢి. సూత్రం కంఠతా వచ్చిన పిల్లలు కూడా ‘చొప్పున’ కనబడగానే రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. ఇది లెక్కల లోపమా, భాషా లోపమా? మీరేమంటారు?

పార్వతీపురం నుంచి

మాస్టారూ, ముందు ఢ సంగతి తేల్చండి. శ్రేణి అన్న చక్కని మాట ఉండగా శ్రేఢి ఎక్కడి నుంచి వచ్చింది? అచ్చుతప్పు స్థిరపడిపోయిందని ఎవరో అనగా విన్నాను.

విజయనగరం నుంచి – సంస్కృత కళాశాల పాత విద్యార్థి

అచ్చుతప్పు కాదండీ. అచ్చు యంత్రం పుట్టకముందే ఉన్న మాట. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో ఈ లెక్కల అధ్యాయం పేరే శ్రేఢీ వ్యవహారం. శ్రేణికి ప్రాకృతపు నోటిలో ఏర్పడిన రూపం కావచ్చన్న సూచన నిఘంటువుల్లో ఉంది. అంటే నోరు తిరగనిదని మనం అనుకుంటున్న మాట ఒకప్పుడు జనం నోటిలో నలిగినదే కావచ్చు. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో రెంటికీ పని పంచారు: 2, 5, 8 అని కామాలతో రాస్తే శ్రేఢి, 2 + 5 + 8 అని కూడికతో కలిపితే శ్రేణి. రెండు మాటలూ ఉండటం వల్ల నష్టం లేదు, సౌకర్యమే.

ఆ అధ్యాయంలోని శ్లోకం ఇది:

వ్యేకపదఘ్నచయో ముఖయుక్ స్యా-
దంత్యధనం ముఖయుగ్దలితం తత్ ।
మధ్యధనం పదసంగుణితం తత్
సర్వధనం గణితం చ తదుక్తమ్ ॥

శ్రేఢిలోని ఒక్కో సంఖ్యను పదం అంటారు. ముఖం అంటే మొదటి పదం. చయం అంటే ఒక్కో అడుగుకు కలిసే మొత్తం, ఇప్పటి పుస్తకాల పదాంతరం. పదాల సంఖ్యలో ఒకటి తగ్గించి చయంతో గుణించి ముఖం కలిపితే చివరి పదం. దానికి మళ్లీ ముఖం కలిపి సగం చేస్తే మధ్యధనం. దాన్ని పదాల సంఖ్యతో గుణిస్తే సర్వధనం, అంటే మొత్తం. నాలుగు పాదాల్లో రెండు సూత్రాలు ఇమిడిపోయాయి. అంతకు ఎంతో ముందే, 499 నాటి ఆర్యభటీయంలో ‘అథవాద్యంతం పదార్ధహతమ్’ అని ఇంకా పొట్టిగా ఉంది: మొదటిదీ చివరిదీ కలిపి, పదాల సంఖ్యలో సగంతో గుణించు.

విజయనగరం నుంచి – మాస్టారు

ఈ శ్లోకంలో నాకు ప్రాణమైన మాట ‘వ్యేక’. వి, ఏక. ఒకటి తగ్గినది. పిల్లలు తప్పేది సరిగ్గా అక్కడే. పెళ్లి పందిరికి ఒకే వరుసలో పది గుంజలు పాతితే మధ్యలో ఖాళీలు తొమ్మిది. గుంజలు పదాలు, ఖాళీలు చయాలు. ఇది చెబితే పిల్లలు నవ్వుతారు, అయినా పరీక్షలో పదితోనే గుణిస్తారు.

దీనికి తెలుగు చేసే సాయం, చేసే ద్రోహం రెండూ ఉన్నాయి. మొదటి రోజు 10 పేజీలు చదివి, రోజుకు 2 పేజీలు పెంచుతూ పోయిందనుకోండి ఒక అమ్మాయి. పదో రోజున చదివినవి 28. మొదలుపెట్టిన పది రోజుల తర్వాత చదివేవి 30, ఎందుకంటే అది పదకొండో రోజు. మరి ‘పది రోజులకు ఎన్ని పేజీలు?’ అంటే? ఆ రోజున చదివినవా, పది రోజుల్లో కలిపి చదివినవా? కలిపి అయితే 190. ‘కు’ అనే ఒక్క అక్షరం మూడు వైపులా చూస్తోంది. ప్రశ్న రాసేవారు ‘పదో రోజున’, ‘పది రోజుల్లో మొత్తం’ అని విడమరచకపోతే పిల్లవాణ్ణి తప్పుపట్టే హక్కు వారికి లేదు.

శ్రీకాకుళం నుంచి

మాస్టారూ, మీతో విభేదిస్తున్నాను. మేము గిడుగు రామమూర్తి గారి గడ్డ వాళ్లం. 1863లో ఆయన పుట్టిన పర్వతాలపేట మా దగ్గరే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, పిల్లల చేత వ్యేకపదఘ్నచయో అనిపించడం ఏమి న్యాయం? అంకశ్రేఢిని కూడిక వరుస అనండి, ప్రతిసారీ ఒకే సంఖ్యతో హెచ్చవేస్తూ పోయే గుణశ్రేఢిని హెచ్చవేత వరుస అనండి. పేరు వినగానే పని తెలిసిపోతుంది.

విజయనగరం నుంచి – మాస్టారు

పేర్లు ముచ్చటగా ఉన్నాయి బాబూ, మొదటి రోజు పాఠంలో తప్పకుండా వాడతాను. కాని వరుసకు ఇప్పటికే చాలా పనులు ఉన్నాయి. వంగతోటలో వరుస, బావ మరదలి వరుస, భోజనాల దగ్గర రెండో వరుస. లెక్కల్లో ‘వరుసగా మూడు సంఖ్యలు’ అన్నప్పుడు అది మరో అర్థం. శ్రేఢికి ఒక్కటే పని, దాని మీద ఇంకెవరి హక్కూ లేదు. గిడుగు వారి పోరు గ్రాంథిక వచనం మీద. శాస్త్రానికి ఒక సొంత పేరు ఉంటే ఆయన కత్తి దూసేవారని నేననుకోను. ఆ శ్లోకం పిల్లల చేత వల్లె వేయించమని నేనూ అనలేదు సుమా. మన గుంపులో అడిగారు, సంస్కృత కళాశాల వారు చెప్పారు.

ఒప్పుకోవలసింది ఒకటి ఉంది. ‘పదం’ మాత్రం నిజంగా ఇబ్బంది. ‘పదవ పదం’ అంటే ఒక పాప, ‘పదం తాలూకు పదమా మాస్టారూ?’ అని అడిగింది. నవ్వలేకపోయాను. అప్పటి నుంచి ‘పదో పదం’ అంటున్నాను, అక్కడా పూర్తిగా తప్పించుకోలేదు.

కవిటి నుంచి

మాది ఉద్దానం, కొబ్బరితోటల మధ్య ఊరు. ఆ శ్లోకం పట్టుకుని మా తోట మూల మీద ఒక లెక్క వేశాను. స్థలం ముక్కోణంగా ఉంది. మొదటి వరుసలో 5 మొక్కలు, వరుసకు 3 చొప్పున పెంచుతూ 12 వరుసలు. 11ను 3తో గుణిస్తే 33, ముఖం 5 కలిపితే చివరి వరుసలో 38. మళ్లీ 5 కలిపితే 43, సగం చేస్తే ఇరవై ఒకటిన్నర. అర మొక్క ఎక్కడ పాతాలి మాస్టారూ? మధ్యధనం అన్నారు కదా, నా తోటలో ఆ మధ్య వరుస కనబడటం లేదు.

విజయనగరం నుంచి – మాస్టారు

అడగవలసిన ప్రశ్న అడిగారు. పన్నెండు వరుసలకు నడిమి వరుస ఉండదు, ఆరో వరుసకూ ఏడో వరుసకూ మధ్య దారి ఉంటుంది. ఆరో వరుసలో 20, ఏడో వరుసలో 23. వాటి నడిమి విలువ ఇరవై ఒకటిన్నర. అది మొక్క కాదు, సగటు. వరుసకు ఇరవై ఒకటిన్నర చొప్పున సమానంగా ఉన్నట్టు భావించి పన్నెండుతో గుణించండి, 258 వస్తుంది. మొక్కలు లెక్కపెట్టి చూసినా అంతే. పదమూడు వరుసలు వేసి ఉంటే ఏడో వరుసే మధ్యధనం అయ్యేది, మీకు ఈ అనుమానం వచ్చేదే కాదు. అందుకే నేను ఎప్పుడూ సరిసంఖ్యతోనే మొదటి ఉదాహరణ చెబుతాను.

బొబ్బిలి నుంచి

గుణశ్రేఢి గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మా ఇంట్లో అది పుస్తకం కంటే ముందే వచ్చింది, వడ్డీ రూపంలో. మా నాన్నగారు ఒకసారి రెండు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చారు. మాకు రెండు రూపాయలంటే నెలకు నూటికి రెండు. బారువడ్డీ అయితే నెలకు 200, ఏడాదికి 12,400 కడితే తీరిపోతుంది. ఇచ్చినాయన పేరుకు రెండు రూపాయలే అని, నెలనెలా వడ్డీని అసలులో కలుపుతూ వెళ్లాడు. ఏడాదికి 12,682 అయింది. నాన్నగారికి కోపం వచ్చింది 282 రూపాయల మీద కాదు, ‘అదే వడ్డీ కదా’ అన్న ఆ మాట మీద. బారువడ్డీ అంకశ్రేఢి, చక్రవడ్డీ గుణశ్రేఢి అని చెబితే పదో తరగతి వాళ్లకు వేరే ఉదాహరణ అక్కరలేదు.

విజయనగరం నుంచి – సంస్కృత కళాశాల పాత విద్యార్థి

గుణశ్రేఢికి తెలుగులోనే అద్భుతమైన పద్యం ఉంది. 11వ శతాబ్దంలో మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరుతో చెబుతారు. చంపకమాల. చదరంగం పలకలో మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా 64 గళ్లకూ రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని పద్యంలో పెట్టారు. అంకెలున్నంత మేరకు ఇస్తున్నాను:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

ఇందులో ఒక్కో మాట ఒక్కో అంకెకు గుర్తు: శరాలు 5, శశి 1, షట్కం 6, చంద్రుడు 1, మళ్లీ శరాలు 5, సాయకాలు 5, రంధ్రాలు 9, వియత్తు సున్నా, నగాలు 7, అగ్నులు 3, భూధరాలు 7, గగనం సున్నా, అబ్ధులు 4, వేదాలు 4, గిరులు 7, తర్కాలు 6, పయోనిధులు 4, పద్మజుని ముఖాలు 4, కుంజరాలు 8, తుహినాంశుడు 1. అంకెలు ఎడమకు నడుస్తాయి కాబట్టి తిప్పి రాసుకోవాలి: 1,84,46,74,40,73,70,95,51,615. రెండును 64 సార్లు హెచ్చవేసి ఒకటి తీసేయండి, ఒక్క అంకె తేడా రాదు. ఏడుకు పద్యంలో నగం, భూధరం, గిరి అని మూడు పేర్లు వాడారు, మూడూ కొండలే.

పార్వతీపురం నుంచి

కూర్చుని కంప్యూటర్లో సరిచూశాను, అక్షరాలా సరిపోయింది. గణాలు తప్పకుండా ఇరవై అంకెలూ యతిప్రాసల్లో ఒదిగాయంటే దండం పెట్టాలి. మరి ‘ఇంతింతై వటుడింతయై’ అన్న పోతన వామనుడు ఏ శ్రేఢిలో పెరిగాడో ఎవరైనా చెబుతారా?

బొబ్బిలి నుంచి

మూడడుగుల్లో లోకాలు చాలకపోయాయంటే గుణశ్రేఢే. ఉన్నదానికి ఉన్నంత కలిస్తేనే కదా ‘ఇంతింతై’. మనం మామూలుగా అనే ‘అంతకంతకు’ కూడా అదే: అంతకు మళ్లీ అంత.

విజయనగరం నుంచి – మాస్టారు

బాగా పట్టుకున్నారమ్మా! అంతకంతకు, రెట్టించు. ‘రెట్టించి అడిగాడు’ అన్నప్పుడు కూడా అడిగినదాన్నే ఇంకో మడత వేయడమే కదా.

ఇక నా అసలు బాధ, రెట్లు. ఈ మాట పత్రికల్లోనూ ప్రశ్నపత్రాల్లోనూ ఇష్టం వచ్చినట్టు వాడుతున్నారు. ‘ధర 200 పెరిగింది’ వేరు, ‘ధర 200కు పెరిగింది’ వేరు అని పచారీ కొట్టుకు వెళ్లే ప్రతివారికీ తెలుసు. అదే కాయితం మీదికి వచ్చేసరికి ‘మూడు రెట్లు పెరిగింది’ అని రాసేస్తారు. ఉన్నదానికి మూడింతలు కలిసిందా, ఉన్నదే మూడింతలు అయిందా? సామాన్య నిష్పత్తి, అంటే ప్రతిసారీ హెచ్చవేసే సంఖ్య, 4 అయినా కావచ్చు, 3 అయినా కావచ్చు. మొదటి పదం 10 అయితే, నిష్పత్తి 3తో అయిదో పదం 810. నిష్పత్తి 4తో 2,560. ఇలాంటి ప్రశ్న ఇచ్చి, ఒకే జవాబుకు మార్కులు వేయడం అన్యాయం. ‘ఏటా అంతకు ముందరి ఏడాదికి మూడింతలు అవుతుంది’ అని రాస్తే గొడవే లేదు.

టెక్కలి నుంచి

ఇంతసేపూ మౌనంగా చదివాను మాస్టారూ. చిన్న సందేహం. పోయిన ఏడాది మీ అరుగు మీద పిల్లలు ఎంతమంది?

విజయనగరం నుంచి – మాస్టారు

ఆరుగురు. ఇప్పుడు పద్దెనిమిది మంది. ఎందుకు బాబూ?

టెక్కలి నుంచి

మొదటి టపా రెండో వరుసలో ‘మూడు రెట్లు పెరిగారు’ అని రాశారు. మీ లెక్క ప్రకారం ఇరవై నలుగురు ఉండాలి. మిగతా ఆరుగురూ ఎక్కడ కూర్చున్నారా అని.

విజయనగరం నుంచి – మాస్టారు

దిద్దాను. ‘మూడింతలు అయ్యారు.’ రేపు ఆ పద్దెనిమిది మందికీ ఈ టపా చూపించవలసిందే.