డార్క్ మ్యాటర్‌ని ‘కృష్ణ పదార్థం’ అనొచ్చా?

అడిగినవారు: మా అబ్బాయి పేపర్లో ‘కృష్ణ పదార్థం’ అన్న మాట చూసి, “కృష్ణబిలంలో ఉండేది ఇదేనా?” అన్నాడు. కాదన్నాను గానీ, వాడి తప్పేముంది? బ్లాక్ హోల్‌లో బ్లాకూ కృష్ణే, డార్క్ మ్యాటర్‌లో డార్కూ కృష్ణే. ఇంకో మాటేదైనా ఉందా అండీ?

ఫిజిక్స్ మాస్టారు: అసలు నలుపే ఇక్కడ పొసగదండీ. నల్లటి వస్తువు వెలుతురును పీల్చుకుంటుంది, వెనకున్నదాన్ని కప్పేస్తుంది. ఇది ఆ రెండూ చెయ్యదు. వెలుగు దీన్లోంచి ఏమీ లేనట్టే వెళ్ళిపోతుంది. ఇది ఉందని తెలిసేది దీని లాగుడు వల్లే, అంటే గురుత్వాకర్షణ వల్లే.

బుధుడు సూర్యుడి చుట్టూ సెకనుకి 47 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాడు. ఎక్కడో దూరాన ఉన్న నెప్ట్యూన్ వేగం 5 పైచిలుకే. దూరం పెరిగేకొద్దీ పట్టు సడలి నడక మందగిస్తుంది. 1970లో ఖగోళ శాస్త్రవేత్తలు వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీలో వేగాలు కొలిస్తే అక్కడ అలా లేదు. కేంద్రానికి చాలా దూరంలో ఉన్నవి కూడా వేగం పెద్దగా తగ్గకుండా తిరుగుతున్నాయి. వడిసెల తిప్పినవాళ్ళకి తెలుసు, జోరు పెంచితే తాడు చేతిని ఎంత గుంజుతుందో. తాడు తెగితే రాయి ఎగిరిపోతుంది. ఆ నక్షత్రాలు ఎగిరిపోవట్లేదంటే, కనిపించే బరువుకి మించి ఏదో పట్టుకుని ఉంది. విశ్వం మొత్తంలో చూస్తే అది మామూలు పదార్థానికి సుమారు 5 రెట్లు. గెలాక్సీ చుట్టూ, దాని అంచు దాటి చాలా దూరం పరుచుకుని ఉంటుంది. గెలాక్సీలు పుట్టిందే అది ముందు గుట్టలు పడి వాయువును తన వైపు లాక్కోవడం వల్ల.

ఇంకొకరు: అయితే ‘చీకటి పదార్థం’ అందాం. 1933లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్విక్కీ దీని గురించి జర్మన్‌లో రాసిన మాటకీ అదే అర్థం కదా.

ఫిజిక్స్ మాస్టారు: అమావాస్య చీకటైనా దీపం పెడితే పోతుంది. దీనికి ఏ దీపమూ పనిచెయ్యదు.

గోదావరి వైపు నుంచి: మా వైపు పొలాల మధ్య బండిదారిని పుంత అంటాం. ఆ మాటతో ఆకాశంలో పాలపుంత పరుచుకున్న భాషకి దీనికొక పేరు దొరకదా? ‘కానరాని పదార్థం’ అనండి.

ఫిజిక్స్ మాస్టారు: గాలి కూడా కానరాదుగా! నా ఓటు ‘గుప్త పదార్థం’కి. గుప్తోష్ణం చదివారుగా. మంచు కరుగుతున్నంతసేపూ వేడి లోపలికి పోతూనే ఉంటుంది, థర్మామీటర్ మాత్రం సున్నా దగ్గరే నిలబడుతుంది. పైకి తేలదు, పని మాత్రం జరుగుతుంది.

ఇంకొకరు: గుప్తనిధులనుకుని పలుగూ పారా పట్టుకు బయల్దేరతారేమో మాస్టారూ!

అడిగినవారు: గుప్త పదార్థం బాగుందన్నాడు మావాడు. “మరి విశ్వం అంతకంతకూ వేగంగా విస్తరించడానికి కారణమనే డార్క్ ఎనర్జీని గుప్తశక్తి అనాలా? అది సూపర్‌హీరోలకి ఉండేది కదా” అంటున్నాడు. మాస్టారూ, దీనికి మీరే జవాబు చెప్పాలి.