చర్చ: తీర్పు మారిందని, తేలిపోయిన పంపకాన్ని మళ్ళీ కదపడం న్యాయమేనా?

గాజువాక: పెందుర్తి వైపు తాతల నాటి పొలం మాది. అమ్మ ముందే పోయింది, నాన్న 1998లో పోయారు. అన్నదమ్ములం ఇద్దరం చెరిసగం చేసుకుంటున్నాం. అక్క పెళ్ళి 1982లో అయింది. పసుపు కుంకుమల కింద ఇవ్వాల్సింది అప్పుడే ఇచ్చారు. 2016లో వకీలును అడిగితే పొలంలో ఆవిడ సమాన వాటాదారు కాదన్నారు. ఇప్పుడు లేఅవుట్ వాళ్ళు బేరానికి వస్తే, మరో వకీలు ఆవిడ సంతకం లేనిదే రిజిస్ట్రేషన్ మాట ఎత్తవద్దంటున్నారు. చట్టం ఇలా మాట మారుస్తుంటే కుటుంబాలు ఎవరిని నమ్మాలి?

మర్రిపాలెం: నిజమే. ఇన్నేళ్ళు దున్నింది, అప్పులు తీర్చింది మీరు. ధర పెరిగాక వాటా గుర్తుకొస్తుంది!

మధురవాడ: ధర పెరిగాక అమ్మాలని గుర్తొచ్చింది అన్నదమ్ములకు కదండీ, అక్కగారు ఇంకా నోరే విప్పలేదు!

గాజువాక అన్నగారూ, మీ పాత వకీలు తప్పు చెప్పలేదు. ఎన్టీఆర్ హయాంలో 1985లో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ తాతల నాటి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా ఇచ్చింది కానీ, అప్పటికే పెళ్ళయినవారిని వదిలేసింది. 2005 కేంద్ర సవరణ ఆ షరతు తీసేసింది. 2015లో ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు, 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలంది. మీ నాన్నగారు లేరు. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు ఆ మాట కొట్టేశారు: హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి ఉన్నా పోయినా ఒకటే.

అయినా 2016లో కూడా ఆవిడ వాటా సున్నా కాదు. పాత లెక్కన మీ ఇద్దరికీ, నాన్నగారికీ తలా మూడో వంతు. నాన్నగారి వంతు ఆయన పోయాక ముగ్గురు పిల్లలదీ కాబట్టి, అందులో మళ్ళీ మూడో వంతు అక్కగారిది. అంటే తొమ్మిదో వంతు. అది ఇచ్చారా? ఇప్పుడది మొత్తంలో మూడో వంతు అయింది. పెళ్ళి కట్నకానుకలు దీనికి చెల్లు కావు.

సీతమ్మధార: ఒక్క మాట. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు అయిన పంపకమైతే 2005 సవరణ దాని జోలికి రాదు. దస్తావేజు ఉందా?

గాజువాక: లేదు. పెద్దమనుషుల ఎదుట మాట మీద పంచుకున్నాం. పాసుపుస్తకాలు మాత్రం వేర్వేరుగా ఉన్నాయి.

సీతమ్మధార: నోటిమాట పంపకాన్ని 2020 తీర్పు మామూలుగా ఒప్పుకోదు. ప్రభుత్వ పత్రాలు గట్టిగా నిలబడే అరుదైన సందర్భాల్లోనే ఒప్పుకుంటుంది. మీ పాసుపుస్తకాలు ఆ కోవలోకి వస్తాయో రావో కోర్టులో తేలాలి. లేఅవుట్ వాళ్ళు అంతవరకు ఆగుతారా?

మధురవాడ: వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే హక్కు విడుదల పత్రం మీద అక్కగారి చేత సంతకం పెట్టించే ఆలోచన ఉంటే, మీ వకీలు చేతే అక్కగారికి సలహా ఇప్పించకండి. ఆవిడ విడిగా అడగాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో వకీలును ఉచితంగా ఇస్తారు, ఫోను 15100.

మర్రిపాలెం: అంటే దావాకు దారి చూపిస్తున్నారన్నమాట.

మధురవాడ: అడిగి తెలుసుకుని పెట్టిన సంతకమైతే దావా ఎందుకు పడుతుందండీ?