యాక్సిడెంట్ క్లెయిమ్ ఎవరూ తీసుకోవట్లేదు, ఎక్కడ వేయాలో ఎవరైనా చెప్పండి

గట్టు మీద గోపి:
పొద్దున్నుంచి నాలుగు గంటలుగా కస్టమర్ కేర్‌తోనే సరిపోయింది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, చివరికి ఒక అమ్మాయి లైన్లోకి వచ్చి "ఇది మా దగ్గర క్లెయిమ్ అవ్వదు సార్, థర్డ్ పార్టీ పాలసీ" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఇంకొకాయన "పాలసీ మీ పేరు మీద లేదు, మాట్లాడలేం" అన్నాడు. నాన్నగారి కాలు విరిగి రాడ్డు వేశారు. బైకు మీద వెళ్తుంటే వెనక నుంచి కారు వచ్చి గుద్దింది, తప్పంతా వాడిదే, అందరూ చూశారు. పని లేక ఇంట్లో కూర్చున్నారు. ఇంత క్లియర్‌గా ఉన్న కేసులో కూడా డబ్బులు ఇవ్వకపోతే ఇన్సూరెన్స్ ఎందుకు కట్టించుకుంటున్నారు? కన్స్యూమర్ కోర్టులో వేద్దామనుకుంటున్నాను. ఫార్మాట్ ఉంటే పెట్టండి.

పాత టైపిస్టు:
ఎఫ్ఐఆర్ ఉందా?

కంటికి కెమెరా:
అన్నా, బండికి డాష్ కెమెరా ఉందా? ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. నేను మూడేళ్ళుగా చెబుతూనే ఉన్నా, కారుకే కాదు బైకుకీ పెట్టుకోవాలి. హెల్మెట్ మీద పెట్టుకునేవి కూడా వచ్చాయి. లూప్ రికార్డింగ్‌లో పాతది చెరిగిపోతుంది కాబట్టి ప్రమాదం జరగ్గానే కార్డు తీసి పక్కన పెట్టుకోవాలి. ఇది చాలామందికి తెలియదు.

గట్టు మీద గోపి:
కెమెరా లేదండి. ఎఫ్ఐఆర్ అయిందనే అన్నారు. మామయ్య చూసుకున్నాడు.

పాత టైపిస్టు:
తేదీ? ఏ స్టేషను? కారు నంబరు తెలుసా? మీరు ఫోన్ చేసింది ఏ బండి ఇన్సూరెన్స్‌కి?

గట్టు మీద గోపి:
మా బండి ఇన్సూరెన్స్‌కే కదండీ చేస్తాం.

నల్లకోటు:
అదీ సంగతి. గోపి గారూ, నాలుగు గంటలు మీరు తప్పు తలుపు కొట్టారు. థర్డ్ పార్టీ పాలసీ అంటే మీ బండి వల్ల బయటివాళ్ళకు నష్టం జరిగితే మీ కంపెనీ కట్టేది. మీకు దెబ్బ తగిలితే కట్టేది కాదు. కారు గుద్దింది కాబట్టి, ఆ కారుకి మీ నాన్నగారే థర్డ్ పార్టీ. కట్టాల్సింది ఆ కారు యజమాని, ఆయన తరఫున ఆ కారు ఇన్సూరెన్స్ కంపెనీ. వాళ్ళు కూడా మీ ఫోన్ చూసి చెక్కు పంపరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద ట్రిబ్యునల్లో ఓ.పి. వేయాలి. కన్స్యూమర్ కోర్టు కాదు. మీరు ఆ కారు కంపెనీకి వినియోగదారు కాదు కదా.

గట్టు మీద గోపి:
ఓపీ అంటే ఆసుపత్రి చీటీయా? అవి అన్నీ ఉన్నాయి. ట్రిబ్యునల్ అంటే హైదరాబాదు వెళ్ళాలా?

నల్లకోటు:
ఆ ఓపీ కాదు స్వామీ. ఒరిజినల్ పిటిషన్. మన కోర్టుల్లో దాన్నే ఎం.వి.ఓ.పి. అంటారు. ట్రిబ్యునల్ అంటే వేరే భవనం ఏమీ ఉండదు, మామూలుగా మీ జిల్లా కోర్టులోనే జడ్జి గారు ఆ హోదాలో కూర్చుంటారు.

తెలుగు మేష్టారు:
ఒక చిన్న సవరణ. "థర్డ్ పార్టీ" అన్న మాటే ఈ తికమకకి మూలం. మొదటి పక్షం పాలసీదారు, రెండో పక్షం బీమా సంస్థ, మూడో పక్షం వీళ్ళిద్దరూ కాని బాధితుడు. "అన్యపక్షం" అంటే ఎవరికైనా అర్థమయ్యేది. పాలసీ కాగితాలు తెలుగులో ఇస్తే ఈ నాలుగు గంటలు మిగిలేవి.

బుల్లెట్ బాబ్జీ:
మేష్టారూ, అన్యపక్షం అంటే నాకు ఎలక్షన్లు గుర్తొచ్చాయి. థర్డ్ పార్టీయే బాగుంది. ఐనా మొదటి పార్టీ ఇన్సూరెన్స్ కంపెనీ, రెండో పార్టీ మనం. మీరు తిరగేశారు.

తెలుగు మేష్టారు:
తిరగేయలేదు. ఎవరు ఒకటో, ఎవరు రెండో అన్నదానితో పనేముంది? మూడోవాడు ఎవరన్నదే ముఖ్యం.

పాత టైపిస్టు:
తేదీ అడిగాను.

గట్టు మీద గోపి:
సారీ అండి. సెప్టెంబరు 9. సూర్యాపేట దాటాక హైవే మీద. మాది ఏలూరు. నాన్నగారు మేనత్త వాళ్ళ ఊరు వెళ్ళి, మామయ్య బండి తీసుకుని బయటికెళ్ళారు. అందుకే పాలసీ మా పేరు మీద లేదు అన్నాడేమో కస్టమర్ కేర్ వాడు. ఇప్పుడు అర్థమైంది. సూర్యాపేటలో కేసు వేస్తే ప్రతి వాయిదాకీ నాన్నని అక్కడికి తీసుకెళ్ళాలి, వదిలెయ్యండి అంటున్నాడు మామయ్య.

పాత టైపిస్టు:
ఇవాళ ఫిబ్రవరి 20. కేసు వేయడానికి ఆరు నెలల గడువు మార్చి 9కి అయిపోతుంది. 17 రోజులున్నాయి. కదలండి.

నల్లకోటు:
వాయిదాల భయం వద్దు. సెక్షన్ 166(2) ప్రకారం ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. బాధితుడు ఉంటున్న చోటా వేయొచ్చు, ఎదుటివాళ్ళు ఉంటున్న చోటా వేయొచ్చు. ఏలూరులోనే వేయండి. ఆధార్ అడ్రస్ ఏలూరుదే కదా?

కోర్టు గుమ్మం:
పాత టైపిస్టు గారూ, ఆరు నెలలు ఎక్కడి నుంచి తెచ్చారు? క్లెయిములకి కాలపరిమితి లేదు. 1994 సవరణలోనే ఎత్తేశారు. మా పెద్దనాన్న కేసు నాలుగేళ్ళ తరవాత వేసి గెలిచాం. జనాన్ని భయపెట్టకండి.

పాత టైపిస్టు:
మీ పెద్దనాన్న కేసు ఎప్పటిది?

కోర్టు గుమ్మం:
2011.

పాత టైపిస్టు:
2019 సవరణ చదవండి. 166(3).

నల్లకోటు:
ఇద్దరూ చెప్పినదాంట్లో నిజం ఉంది. 1994లో పరిమితి తీసేసిన మాట వాస్తవం. 2019 సవరణలో మళ్ళీ ఆరు నెలలు పెట్టారు. ఆ భాగం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, ఆ తరవాత జరిగిన ప్రమాదాలకి దాన్నే చూపిస్తారు. దాని మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోంది. ఆరు నెలలు దాటాయన్న కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. అంటే ఆలస్యమైనవాళ్ళకి ప్రస్తుతానికి ఊపిరి ఉంది. కానీ మధ్యంతరం అంటే మధ్యలోదే. చేతిలో 17 రోజులుండగా దాన్ని నమ్ముకుని కూర్చోవడం తెలివి కాదు.

కోర్టు గుమ్మం:
సరే. నాకు 2022 సంగతి తెలియదు.

హెల్మెట్ ప్రచారకుడు:
అసలు ఆయన హెల్మెట్ పెట్టుకున్నారా లేదా? ఎవరూ అడగట్లేదు. అది లేకపోతే పరిహారం తగ్గించాలని అవతలివాళ్ళు వాదిస్తారు. మన తప్పు మన మీద ఉన్నప్పుడు ఎదుటివాడి మీద పడటం అలవాటైపోయింది. లైసెన్సు ఉందో లేదో కూడా చెప్పలేదు.

బుల్లెట్ బాబ్జీ:
విరిగింది కాలు బాబూ. మోకాలికి హెల్మెట్ పెట్టుకుంటారా మీ ఊళ్ళో?

గట్టు మీద గోపి:
హెల్మెట్ ఉంది. లైసెన్సు మాత్రం రెన్యువల్ చేయించలేదు. అందుకే మామయ్య స్టేషన్లో ఎక్కువ మాట్లాడొద్దు అన్నాడు. కేసు పోతుందా?

నల్లకోటు:
లైసెన్సు లేకపోవడమే నిర్లక్ష్యం కాదు. ఆయన బండి నడిపిన తీరు ప్రమాదానికి కారణమైతేనే పరిహారంలో ఆయన తప్పు మేరకు తగ్గిస్తారు. 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. వెనక నుంచి వచ్చి గుద్దిన కేసులో ఇన్సూరెన్స్ వకీలు తప్పకుండా "బైకు సడెన్‌గా బ్రేకు వేసింది" అని రాస్తాడు. దానికి జవాబు సాక్షి, స్కెచ్, ఛార్జిషీటు. నాకు లైసెన్సు కన్నా మీ మామయ్య గురించే అనుమానంగా ఉంది. స్టేషన్లో ఏం జరిగింది? ఏమైనా సంతకాలు పెట్టారా?

గట్టు మీద గోపి:
అది చెప్పక్కర్లేదనుకున్నాను. కారాయన ఆసుపత్రికి వచ్చి 25 వేలు ఇచ్చి వెళ్ళాడు. మంచివాడే అనిపించింది. ఒక కాగితం మీద నాన్నగారి వేలిముద్ర తీసుకున్నారట. సంతకం పెట్టగలరు కానీ అప్పుడు చేతికి సెలైన్ ఉంది. "ఇక ఎటువంటి క్లెయిమూ లేదు" అని రాశారని మామయ్య నిన్న చెప్పాడు.

బుల్లెట్ బాబ్జీ:
అయ్యో. ముందు చెప్పాల్సింది ఇదే కదయ్యా!

నల్లకోటు:
కంగారు పడొద్దు. ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషితో తీసుకున్న వేలిముద్ర చూసి జడ్జి గారు ఫైలు మూసేస్తారని కాదు. కానీ దాచొద్దు. ఆ 25 వేలు అందాయని మీరే పిటిషన్లో చెప్పండి. అవతలివాళ్ళు బయటపెడితే మీ మిగతా మాటలు కూడా అబద్ధంలా కనిపిస్తాయి. ఆ కాగితం కాపీ మామయ్య దగ్గరుంటే వకీలుకి ఇవ్వండి. ఇక మీద ఎవరు వచ్చి ఎంత ఇచ్చినా కాగితం మీద ఏమీ పెట్టకండి. ఇంకో మాట. అదే చట్టంలో సెక్షన్ 164 కింద తప్పు ఎవరిదని చూడకుండా గట్టి గాయానికి 2.5 లక్షలు ఇస్తారు. ఎముక విరగడం గట్టి గాయమే. కానీ అది తీసుకుంటే 166 కింద వేసిన పిటిషన్ పోతుంది. కంపెనీ మనిషి దానితో వస్తే లెక్క చూసుకోకుండా తలూపొద్దు.

రాజీ రాజు:
ఇదంతా ఎందుకు, లోక్ అదాలత్‌లో పెట్టేయండి. ఒక్క రోజులో తేలిపోతుంది. కోర్టు అంటే చెప్పులరిగే పని.

కోర్టు గుమ్మం:
లోక్ అదాలత్ తీర్పు మీద అప్పీలు ఉండదు, అది కూడా చెప్పండి. ఎంత రావాలో తెలియకుండా అక్కడికెళ్తే వాళ్ళు చెప్పిందే ఎక్కువ అనిపిస్తుంది.

గట్టు మీద గోపి:
ఎంత రావచ్చు మామూలుగా? నాన్నగారికి 54. టైలరు. మిషను కాలితో తొక్కేదే.

నల్లకోటు:
చూశారా, ఇంత ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెప్పారు. డాక్టరు కాలుకి 20 శాతం వైకల్యం అని రాయొచ్చు. కానీ కోర్టు చూడాల్సింది కాలు ఎంత పోయిందని కాదు, సంపాదన ఎంత పోయిందని. 2011లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా వివరంగా చెప్పింది. చెయ్యి పోతే డ్రైవరుకి బతుకుతెరువే పోతుంది, గుమాస్తాకి ఉద్యోగం ఉండొచ్చు. కాలితో మిషను తొక్కే టైలరుకి కాలు అంటే పెట్టుబడి. లెక్క ఎలా ఉంటుందో ఊరికే చూడండి. నెలకి 15 వేలు రుజువై, సంపాదనలో 30 శాతం పోయిందని తేలితే, ఏడాదికి 1,80,000. దాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు. సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన పట్టిక ప్రకారం 54 ఏళ్ళకి అది 11, అంటే 19,80,000. అందులో 30 శాతం అంటే 5,94,000. మందులు, ఆపరేషను, రాడ్డు తీయడానికి అయ్యే ఖర్చు, నొప్పి, మంచం మీద ఉన్న నెలల సంపాదన వేరే. 15 వేలు అని రుజువు చేయడమే కష్టం. షాపు అద్దె రసీదులు, బ్యాంకు పాస్‌బుక్, కుట్టుకూలి రాసుకునే పుస్తకం ఉంటే పారేయకండి.

గట్టు మీద గోపి:
పుస్తకం ఉంది. కొలతలూ డబ్బులూ కలిపి రాసుకుంటారు. అది కూడా పనికొస్తుందా?

నల్లకోటు:
అదే పనికొస్తుంది.

పాత టైపిస్టు:
ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు అయితే అది, గాయాల సర్టిఫికెట్టు, డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు, ఎం.వి.ఐ. (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) రిపోర్టు, కారు ఆర్‌సీ, పాలసీ, డ్రైవరు లైసెన్సు. కారు నంబరు ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో కొట్టండి, కంపెనీ పేరు కనిపిస్తుంది. సెప్టెంబరు 9న పాలసీ నడుస్తోందా చూడండి, ఇవాళ కాదు. దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కి పంపాలి. పంపారా అని అడగండి.

కోర్టు గుమ్మం:
పంపాలి అని రూలు ఉంది కానీ పంపేదెక్కడ. మా బంధువుల కేసులో స్టేషన్ బయట టీ కొట్టు దగ్గరే ఒక బ్రోకరు ఎఫ్ఐఆర్ కాపీ చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. మాకు వారం తిరిగినా ఇవ్వలేదు, వాడి దగ్గర ఉంది. వచ్చిన దాంట్లో నలభై శాతం అన్నాడు వకీలు. పైగా ముందే ఖాళీ చెక్కు మీద సంతకం.

నల్లకోటు:
వచ్చిన పరిహారంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. అలా చేసేవాళ్ళు ఉన్నారు, కాదనను. అందరినీ ఒకే గాట కట్టకండి.

కోర్టు గుమ్మం:
మీరు ఎంత తీసుకుంటారు?

నల్లకోటు:
అది ఇక్కడ అడగాల్సిన ప్రశ్న కాదు.

బుల్లెట్ బాబ్జీ:
సమాధానం వచ్చేసింది.

పాత టైపిస్టు:
వకీలుకి డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100కి ఫోన్ చేయొచ్చు. అర్హత ఉంటే ఉచితం.

హెల్మెట్ ప్రచారకుడు:
ఎంత డబ్బు వచ్చినా కాలు తిరిగి రాదు. హైవేల మీద స్పీడ్ గన్లు పెంచాలని ఎవరూ అడగరు. నేను కలెక్టరుకి రాసిన అర్జీ ఇక్కడ పెడతాను, అందరూ షేర్ చేయండి.

తెలుగు మేష్టారు:
అర్జీలో "ఆక్సిడెంట్" అని రాయకండి. ప్రమాదం అనండి. అజాగ్రత్త వేరు, నిర్లక్ష్యం వేరు.

*(రెండు రోజుల తరవాత)*

గట్టు మీద గోపి:
ఎఫ్ఐఆర్ ఆన్‌లైన్‌లో దొరికింది. కారుకి ఆ తేదీన పాలసీ ఉంది. రేపు సోమవారం ఏలూరు కోర్టుకి వెళ్తున్నా, పుస్తకం కూడా పట్టుకెళ్తున్నా. మామయ్య ఫోన్ ఎత్తట్లేదు. థాంక్స్ అండి అందరికీ.

పాత టైపిస్టు:
మార్చి 9.

కంటికి కెమెరా:
తమ్ముడూ, ఆ హైవే మీద టోల్ గేటు కెమెరాలు ఉంటాయి, దాబాల దగ్గర సీసీటీవీ ఉంటుంది. ఐదు నెలలైంది కాబట్టి చెరిగిపోయి ఉంటుంది. ఇంతకీ బైకుకి రెండు వైపులా పెట్టే కెమెరా ఎవరైనా వాడుతున్నారా? వెనకది వానలో పనిచేస్తుందా?