కృతజ్ఞతాస్తుతులు ‘చెల్లించుడి’: చెప్పడం కాదు, చెల్లించడం ఎందుకు?

మొన్న ఆదివారం గుడిలో బైబిల్లోని థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక, అంటే ఉత్తరం, అయిదో అధ్యాయం చదివారు. “ఎల్లప్పుడును సంతోషముగా ఉండుడి; యెడతెగక ప్రార్థనచేయుడి; ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి.” సండేస్కూలు రోజుల నుంచి కంఠతా వచ్చిన వాక్యమే. ఈసారి మాత్రం ‘చెల్లించుడి’ దగ్గర నా చెవి ఆగిపోయింది.

మనం శిస్తు చెల్లిస్తాం, ఫీజు చెల్లిస్తాం, బాకీ చెల్లిస్తాం. కృతజ్ఞతలు మాత్రం చెబుతాం, లేదా తెలుపుతాం. గ్రీకు మూలంలో అది ‘యూఖరిస్తేయితే’ అనే ఒక్క క్రియ. అందులో చెల్లింపు ఊసేమీ లేదు. అంటే ఈ ‘చెల్లించు’ మన తెలుగు వేసిన ముద్ర.

నాకు తోచింది రాస్తాను, పెద్దలు సరిదిద్దండి. చెల్లించు అంటే చెల్లేటట్టు చేయడం. మరి చెల్లడం అంటే? చెల్లని కాసు అంటాం. ‘అది ఆయనకే చెల్లింది’ అంటాం. కాలం చెల్లిపోయింది అంటాం. వీటిలో డబ్బు ఒక మూల ఉంది కానీ అంతా డబ్బే కాదు. అన్నిటికంటే నాకు దగ్గరగా తోచింది మొక్కు చెల్లించడం. కష్టంలో నోటితో ఒక మాట అనుకుంటాం. ఆ మాట ఉత్తి మాటగా మిగిలిపోకుండా ఓ రోజు చేత్తో నిజం చేస్తాం. “యెహోవాకు నా మ్రొక్కుబళ్లు చెల్లించెదను” అని 116వ కీర్తనలోనూ ఇదే క్రియ. మతం ఏదైనా తెలుగువాళ్ల ఇళ్లలో అందరికీ అర్థమయ్యే మాట ఇది. అనువాదకులు ఆ మాటనే అందుకున్నారని నా ఊహ.

మా అమ్మమ్మది అమలాపురం దగ్గర పల్లె. ఆమె నోట ‘కృతజ్ఞత’ అన్న మాట పాటల్లో తప్ప నేను వినలేదు. ‘థాంక్స్’ అసలే లేదు. ఎవరైనా నీళ్లబిందె ఎత్తిపెడితే “చల్లగా ఉండు నాయనా” అనేది. అయితే ఎసట్లోకి బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న డబ్బాలో వేసేది. ఆదివారానికి ఆ డబ్బా గుడికి వెళ్లేది. ఇంట్లో గింజలు నిండుకున్న రోజు పిడికిలి చిన్నదయ్యేదే గానీ ఆగేది కాదు. పెరట్లో ఆనపపాదు తొలికాపు మాకు కూరలోకి ఎప్పుడూ దొరకలేదు. గుడిలో అయ్యగారు ‘ప్రథమ ఫలము’ అని చదివేవారు, ఇంట్లో అమ్మమ్మ ‘తొలికాపు’ అనేది. ఆ రెండూ ఒకటేనని నాకు పదేళ్లు వచ్చాక గానీ తెలియలేదు.

మీ ఇళ్లలో, మీ సంఘాల్లో ఈ ‘చెల్లించు’ ఎలా పలుకుతుందో రాయండి.

గుంటూరు నుంచి ఒక తెలుగు మాస్టారు:

‘చెల్లించుడి’కి ముందున్న ‘కృతజ్ఞత’ను కూడా చూడండమ్మా. కృతం అంటే చేయబడినది. దాన్ని ఎరిగినవాడు కృతజ్ఞుడు. దాన్ని చంపినవాడు కృతఘ్నుడు. గోఘ్నుడు, శత్రుఘ్నుడు అన్నప్పటి ‘ఘ్న’యే అది. ఒక మేలును మరచిపోవడాన్ని చంపడంతో సమానం చేసింది ఆ మాట. “ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము” అని 103వ కీర్తన చెప్పేదీ అదే కదా. ఎరుక లోపల ఉంటుంది. స్తుతి నోట్లో ఉంటుంది. మీరన్న చెల్లింపు చేతిలో ఉంటుంది. ఇంకొకటి: ‘చెల్లించుడి’ బహువచనం. నేటి భాషలో ‘చెల్లించండి’. ఒక మనిషిని పక్కకు పిలిచి చెప్పిన మాట కాదిది, సంఘమంతా కూర్చుని విన్న ఉత్తరంలోని మాట.

కువైట్ నుంచి ఒక చెల్లెలు:

అక్కా, నాకు ఆ మాటంటే భయం. అప్పు చేసి ఇక్కడికి పనికొచ్చాను. మూడేళ్లుగా నెలనెలా చెల్లిస్తూనే ఉన్నాను. గుడిలో కూడా ‘చెల్లించుడి’ అని చదివితే దేవుడి దగ్గరా బాకీ ఉన్నానా అనిపిస్తుంది. కృప ఉచితం అంటారు కదా, మళ్లీ చెల్లింపు ఏమిటి?

జవాబు:

చెల్లీ, నీ ప్రశ్న చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. తర్వాత 116వ కీర్తన మళ్లీ తీశాను. “యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేనాయనకేమి చెల్లించుదును?” అని అడుగుతాడు కీర్తనకారుడు. అచ్చం నీ ప్రశ్నే. వెంటనే వచ్చే మాట చూడు: “రక్షణపాత్రను చేత పుచ్చుకొని.” ఏమి చెల్లించను అని అడిగి, పుచ్చుకుంటాను అంటున్నాడు! మొక్కుబళ్ల మాట ఆ తర్వాతి వచనంలో గానీ రాదు. అప్పు తీరిస్తే చెల్లుకు చెల్లు, ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ ఇక పని లేదు. ఇక్కడ చెయ్యి చాచడంతోనే చెల్లింపు మొదలవుతోంది. బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం అందుకునే ఆరాధనకు యూకరిస్ట్ అన్న పేరు కూడా ఆ గ్రీకు కృతజ్ఞత మాట నుంచి వచ్చిందే. నువ్వు భయపడే చెల్లింపు ఇది కాదమ్మా.

మెదక్ నుంచి ఒక సభ్యుడు:

మా దిక్కు ఆనపకాయ అనం, సొరకాయ అంటం. కోత పండుగ నాడు గుమ్మడికాయలు, మక్కకంకులు, కోళ్లు, బియ్యం సంచులు, ఎవరింట్ల ఏది పండితే అది గుడికి తెస్తరు. ఆరాధన అయినంక హర్రాజు పెడ్తరు. మా అమ్మ తను తెచ్చిన సొరకాయను తనే పాట పాడుకొని ఇంటికి తెచ్చుకునేది, అదీ బజారు ధర కన్నా ఎక్కువ పెట్టి. “నీ కాయ నువ్వే కొంటివి, ఏం లాభం” అని నేను నవ్వెటోణ్ని. “ఇప్పుడది నా కాయ కాదురా” అనేది. మీరు ‘చెల్లించి పుచ్చుకునుడు’ అని రాసింది సదివితే అదే యాదికొచ్చింది. మా పెద్ద గుడి 1924 డిసెంబరు 25న తెరిచిన్రు. కరువు కాలంల పని చేసినోళ్లకు తిండి పెట్టుకుంట కట్టిన గుడి అది. అందుకే పంట తెచ్చి ఆడ పెడ్తుంటే కొత్తగ ఇచ్చినట్టు అనిపియ్యదు మాకు.

రాజమండ్రి నుంచి ఒకరు:

నాకు ‘చెల్లించు’ కంటే ‘ప్రతి విషయమునందును’ కష్టం. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో ఈ వాక్యం చదవడం నేను చూశాను. ఆ తల్లి ముఖం మరచిపోలేదు.

జవాబు:

అండీ, ఆ వాక్యం అక్కడ చదవకుండా ఉండాల్సింది. భాష వరకు నాకు తెలిసింది ఒక్కటే: ఇక్కడ విభక్తి ‘నందు’. గ్రీకులోనూ అంతే. ఆ విషయంలో ఉండగా అని, ఆ విషయం జరిగినందుకు అని కాదు. ఎఫెసీ పత్రిక అయిదో అధ్యాయంలో ‘సమస్తమునుగూర్చి’ అని ఉంది, నిజమే. దాన్ని దీనితో కలిపేసి దుఃఖంలో ఉన్నవాళ్ల మీద మోపకూడదు.

1996 నవంబరు తుఫానుకు మా ఊళ్లో కొబ్బరిచెట్లు వరసగా పడిపోయాయి. అమ్మమ్మ ఆనపపందిరి ఎక్కడికి పోయిందో కూడా తెలియలేదు. తుఫాను కోసం ఆమె ఎప్పుడూ స్తోత్రం చెప్పలేదు. చెట్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. సాయంత్రం, పంచిపెట్టిన బియ్యంతో ఎసరు పెట్టేటప్పుడు అందులోంచి పిడికెడు తీసింది. డబ్బా తడిసి పాడైపోయిందని చీర కొంగున కట్టుకుంది. ‘నందు’ అన్న విభక్తి నాకు ఆ కొంగు ముడిలోనే అర్థమైంది.

కువైట్ నుంచి చెల్లెలు మళ్లీ:

అక్కా, 116 తీసి చూశాను. ‘పుచ్చుకొని’ కింద గీత గీసుకున్నాను. నేను పనిచేసే ఇంటి మేడ మీద పాత టబ్బులో మెంతికూర జల్లాను, నాలుగు వేళ్ల ఎత్తు లేచింది. మాకిక్కడ ఆరాధన శుక్రవారం. తొలి కోత పట్టుకెళ్తాను.