కొత్త మార్ఫ్ (జీన్ వల్ల వచ్చే రంగు రకం) వచ్చిందనుకుంటున్నా, పేరు పెట్టేసుకోవచ్చా?

షార్లెట్_పాములోడు:
అందరికీ నమస్తే. ఉండేది నార్త్ కరోలినాలో, నాలుగేళ్ళుగా కార్న్ స్నేక్స్ పెంచుతున్నా (మా అమ్మకి అవన్నీ జెర్రిపోతులే, వీడియో కాల్‌లో ఆ డబ్బాలు కనిపిస్తే కెమెరా అటు తిప్పరా అంటది). ఈసారి నా అనెరీ (ఎరుపు రంగు లేని రకం) జంటకి 16 గుడ్లు, 14 పిల్లలు బయటికొచ్చాయి. 11 మామూలు అనెరీలే, బూడిద రంగు మీద నల్ల మచ్చలు. మిగతా 3 మాత్రం వేరే లెక్క, మచ్చలు పాలు ఎక్కువైన టీ రంగులో ఉన్నాయి, చుట్టూ ఉండాల్సిన నల్ల అంచు దాదాపు లేదు. మొదటి కుబుసం విడిచాక ఇంకా తేటగా వచ్చాయి. తల్లిదండ్రుల్ని నాకు అమ్మినతను వీటిలో ఇంకో జీన్ ఏదీ లేదన్నాడు. "ఇరానీ చాయ్" అని పేరు పెట్టి వచ్చే నెల పాములు అమ్మే ఎక్స్‌పోలో టేబుల్ మీద పెడదామని ప్లాన్. పేరుకి ఎవరి పర్మిషన్ అన్నా కావాలా?

గుడ్లగూడు:
పర్మిషన్ ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు బ్రో, అసలు గొడవంతా అదే. 14లో 3 అంటే నాలుగో వంతుకి దగ్గర, అంటే రిసెసివ్ జీన్ (రెండు కాపీలుంటేనే బయటికి కనపడేది) ఒకటి తల్లిలోనూ తండ్రిలోనూ దాక్కుని ఉండుంటుంది. హెట్ (ఒక్క కాపీనే మోసే) పాముని చూసి హెట్ అని ఎవడూ చెప్పలేడు కాబట్టి అమ్మినతను అబద్ధం ఆడాడని కూడా అనలేం. నువ్వు చెప్పిన పోలికైతే అనెరీకి హైపో (నలుపు తగ్గించే జీన్) కలిసినట్టే ఉంది, దానికి ఎప్పటినుంచో ఘోస్ట్ అనే పేరుంది. కడుపు తిప్పి చూశావా? మొక్కజొన్న గింజల్లాంటి గళ్ళుంటాయి కదా, మామూలు తోబుట్టువుని పక్కన పెట్టి కిటికీ వెలుతురులో చూడు, అవి కూడా నలుపు తగ్గి గోధుమ రంగుకి తిరిగాయా అని.

భీమవరం_టు_డాలస్:
ఇరానీ చాయ్ పేరు అదిరింది, కానీ తొందరపడకు తమ్ముడూ. మా వైపు పందెం కోళ్ళకి రంగుని బట్టి పేరు, నల్లదైతే కాకి, ఎర్రదైతే డేగ, రెండూ కలిస్తే కాకిడేగ, కంటికి ఏం కనపడితే అదే. ఇక్కడ పేరు జీన్‌ది. అమెల్ (నలుపు లేని రకం), అనెరీ కలిస్తే స్నో, అమెల్, చార్‌కోల్ (అనెరీలాగే ఎరుపు తీసేసే వేరే జీన్) కలిస్తే బ్లిజార్డ్, రెండూ తెల్లగానే ఉంటాయి, పక్కపక్కన పెడితే కొత్తవాళ్ళు తేడా పట్టలేరు, కానీ ఆ రెండిటినీ జత కడితే తెల్ల పిల్ల ఒక్కటి కూడా రాదు, మామూలుగా అన్నీ అమెల్‌లే వస్తాయి. అందుకే ముందు తేల్చుకోవాలి. పేర్లు మారిన సందర్భాలూ ఉన్నాయిలే, ఇప్పుడు లావెండర్ అనేదాన్ని మొదట్లో మోకా అనేవాళ్ళు, సిండర్‌ని ఆషీ అనేవాళ్ళు. అల్ట్రాని కూడా హైపో లాంటిదే అనుకున్నారు, తీరా అమెల్‌తో కట్టి చూస్తే పిల్లలు అటూ ఇటూ కాకుండా మధ్యలో వచ్చాయి, అది అమెల్ జీన్‌కే ఇంకో రూపం అని అప్పుడు తేలింది, ఆ మధ్యరకానికి అల్ట్రామెల్ అని పేరొచ్చింది. మొట్టమొదటి అమెల్ 1953లో మీ స్టేట్‌లోనే అడవిలో దొరికింది, దాని సంతానంలో అమెల్ పిల్లలు పుట్టేసరికి 1961 అయింది, అంత ఓపిక పట్టారు.

షార్లెట్_పాములోడు:
కడుపు చూశా అన్నా. గళ్ళు నిజంగానే మట్టి రంగులో ఉన్నాయి, ఒక్కదానికి మాత్రం తోక దగ్గర కొంచెం ముదురు. కానీ ఇవి పెరిగి జత కట్టేసరికి మూడేళ్ళు పడతది, అప్పటిదాకా పేరు లేకుండా ఉంచాలా?

గుడ్లగూడు:
మూడేళ్ళు ఎందుకు, తండ్రి ఉన్నాడు కదా! నీ లెక్క ప్రకారం ఆ జీన్ వాడిలో ఒక కాపీ ఉంది. వచ్చే వసంతంలో వాడిని హైపో ఆడదానితో కట్టు, అనెరీ లేనిదైతే చూడ్డానికి సులువు. దాక్కున్నది హైపోనే అయితే పిల్లల్లో సుమారు సగం హైపో వస్తాయి. పదిహేను పిల్లలు పుట్టి అన్నీ నార్మల్‌గా ఉంటే హైపో కాదని దాదాపు ఖాయం, అప్పుడు హైపోలాగే కనపడే వేరే జీన్లు, సన్‌కిస్డ్, లావా, డైల్యూట్‌తో కూడా అలాగే చూడాలి. గుడ్లు పొదగడానికి రెండు నెలలు వేసుకున్నా వచ్చే వేసవి చివరికి మొదటి జవాబు నీ చేతిలో ఉంటది. పిల్లల రంగు నమ్మకు ఈలోపు, అనెరీలకి పెద్దయ్యాక మెడ దగ్గర పసుపు ఎక్కుతుంది, లావెండర్లు చిన్నప్పుడు అచ్చం అనెరీల్లాగే ఉంటాయి.

హైదరాబాదీ_గెకో:
నేను ఇరానీ చాయ్ కోసమే ఈ పోస్ట్ ఓపెన్ చేశా 😂 ఘోస్ట్ అని తేలితే ఆ పేరు ఒక పాముకి ముద్దుపేరుగా ఉంచెయ్ బ్రో.

భీమవరం_టు_డాలస్:
అదీ కరెక్టే. కానీ ఎక్స్‌పోలో మార్ఫ్ పేరుగా రాయకు, కొన్నవాడు రేపు హైపోతో కట్టి హైపోలు రాగానే నీ పేరు చెప్పుకుని తిట్టుకుంటాడు, ఆ తర్వాత నువ్వు నిజంగా ఏదన్నా కొత్తది తెచ్చినా ఎవడూ నమ్మడు.

షార్లెట్_పాములోడు:
సరే, ఆ 3 అమ్మట్లేదు. మిగతా 11 మీద "అనెరీ, తెలియని రిసెసివ్‌కి పాజిబుల్ హెట్" అని రాసి పెడతా. దగ్గర్లో ఎవరి దగ్గరన్నా 300 గ్రాములు దాటిన హైపో ఆడది ఉంటే మెసేజ్ చెయ్యండి ప్లీజ్, అమెల్ కలిసింది వద్దు.