ఒకే ఆలయంలో వేర్వేరు సంఘాల ఆరాధన: నెల్లూరులో ఇది తగునా?

చర్చాంశం (నెల్లూరు నుంచి)

అందరికీ వందనాలు. ఉద్యోగాల కోసం గూడూరు, నాయుడుపేట వైపు నుంచి నెల్లూరు చేరిన కొన్ని లూథరన్ కుటుంబాలు, పట్టణంలోని ఒక బాప్టిస్టు ఆలయాన్ని ఆదివారం సాయంత్రాలు తమ ఆరాధనకు ఇమ్మని కోరుతున్నాయి. ఇవ్వవచ్చునని కొందరు పెద్దలు, ఇస్తే సంఘం తన సాక్ష్యాన్ని పోగొట్టుకుంటుందని కొందరు అంటున్నారు. ప్రొటెస్టెంటు సంఘాలు ఒకే ఆలయాన్ని పంచుకున్న చరిత్ర తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి అభిప్రాయం (ఒంగోలు నుంచి)

నేను ఇందుకు సమ్మతించను. 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దొరగారు నెల్లూరులో పని ప్రారంభించిన నాటి నుంచి మన సంఘాలు విశ్వసించినవారికే, నీటిలో ముంచి బాప్తిస్మం ఇస్తూ వచ్చాయి. 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు సీఎస్ఐగా (దక్షిణ ఇండియా సంఘంగా) ఏకమైనప్పుడు మన పెద్దలు అందులో చేరలేదు. లూథరన్ల వలె పసిబిడ్డల తలపై నీళ్లు పోసే ఆరాధన మన ఆలయంలోనే జరుగుతుంటే రేపు మన పిల్లలకు ఏమని బోధిస్తాం? 16వ శతాబ్దంలో జెనీవాలో సంఘ సంస్కర్త కాల్విన్ తన ఉపన్యాస మందిరాన్ని పరదేశులతో పంచుకోలేదా అని ఎవరైనా అడగవచ్చు. అక్కడ పంచుకున్నవారి భాషలు వేరు గాని బోధ ఒక్కటే.

రెండవ అభిప్రాయం (గూడూరు నుంచి)

నేను లూథరన్ సంఘస్థుడిని. జెనీవా గురించి ఒంగోలు సహోదరులు చెప్పినది సబబే. ప్రొటెస్టెంట్లను హింసించిన మేరీ రాణి కాలంలో ఇంగ్లండు విడిచి వచ్చినవారికి స్కాట్లండు సంస్కర్త జాన్ నాక్స్ ఆ మందిరంలోనే కాపరిగా ఉన్నారు; వారికీ కాల్విన్‌కూ సిద్ధాంతంలో పెద్ద భేదం లేదు. మనకు పనికివచ్చే చరిత్ర అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉంది. 18వ శతాబ్దంలో జర్మన్ ప్రాంతాల నుంచి అక్కడికి వలస వెళ్లిన రైతులలో లూథరన్లూ ఉన్నారు, రిఫార్మ్‌డ్ సంఘస్థులూ (కాల్విన్, జ్వింగ్లీల బోధను అనుసరించేవారు) ఉన్నారు. ప్రభు సంస్కారంలో క్రీస్తు సన్నిధి ఎటువంటిదన్న విషయంలో 1529లో మార్బుర్గ్‌లో లూథర్, జ్వింగ్లీల మధ్య తెగని వాదం వారి నడుమ కూడా తెగలేదు. అయినా వేరువేరుగా కట్టుకునే స్తోమత లేక, ఎన్నో ఊళ్లలో ఇరువురూ కలిసి ఒకే ఆలయం కట్టుకొని, ఒక ఆదివారం వీరు, మరుసటి ఆదివారం వారు, ఎవరి కాపరితో వారు, ఎవరి సంస్కారాన్ని వారు ఆచరించుకుంటూ తరాల తరబడి కొనసాగారు. కప్పు పంచుకున్నంత మాత్రాన వారి విశ్వాసపు ఒప్పుకోలు ఒక్కటి కాలేదు. ఒక్కటి చేసుకుందామని వారు అనుకోనూ లేదు.

మన ప్రాంతం సంగతి కూడా ఆలోచించాలి. 1865 నుంచి జర్మనీకి చెందిన లూథరన్ హెర్మన్స్‌బర్గ్ మిషన్ వారు సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు ప్రాంతాలలో పని చేశారు. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు మిషన్‌ పనిచేసే ప్రాంతాలయ్యాయి. ఒకరు పనిచేసే ప్రాంతంలో మరొకరు ప్రవేశించరాదన్నది ఆనాటి మిషన్లు పాటించిన మర్యాద. కనుక మన తాతలలో అనేకులు సిద్ధాంతాలను తూచి సంఘాన్ని ఎంచుకున్నవారు కారు. వారి ఊరికి ఏ దొర వచ్చాడో ఆ సంఘంలో చేరారు. ఈ సంగతి చెప్పుకోవడానికి మనకు ఎందుకో బిడియం.

బాప్తిస్మం విషయంలో మీ ఆందోళనను నేను తేలికగా తీసుకోను. కాని 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినది ఆలయంలో కాదు, గుండ్లకమ్మ నదిలో. కరువు రోజుల్లో తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు అంతవరకూ వారికి బాప్తిస్మం ఇవ్వకుండా ఆపి ఉంచారు. అంత పట్టుదలగల సాక్ష్యం సాయంత్రం ఆరు గంటలకు మరొకరు అదే బల్లల మీద కూర్చున్నందున చెదరదని నా నమ్మకం.

ప్రత్యుత్తరం (ఒంగోలు నుంచి)

ఆ పెన్సిల్వేనియా సంఘాలు తరువాతి కాలంలో చాలావరకు విడిపోయాయి కదా. సంఘ ఆస్తుల తగవులు కోర్టుకెక్కడం మన ప్రాంతంలో కొత్తేమీ కాదు. నేడు సాయంత్రాలకు ఇచ్చినది రేపు హక్కు అవుతుంది.

ప్రత్యుత్తరం (గూడూరు నుంచి)

విడిపోయినవారు విడిపోగలిగింది వేరే ఆలయం కట్టుకునే శక్తి వచ్చాకనే; అంతవరకు ఆ ఏర్పాటు వారిని నిలబెట్టింది. మేము కోరుతున్నదీ అటువంటి ఏర్పాటే. హక్కు గురించిన మీ భయం మాత్రం న్యాయమైనదే. అందుకే ఇంగ్లండులో 1969లో ఆలయాలను పంచుకోవడానికి ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. సంఘాలు ముందుగా ఒప్పందం రాసుకోవాలి. 1992లో ప్రారంభమైన మిల్టన్ కీన్స్ నగర ఆలయాన్ని ఆంగ్లికన్లు, బాప్టిస్టులు, మెథడిస్టులు, యునైటెడ్ రిఫార్మ్‌డ్ వారు, వారితోపాటు రోమన్ కాథలిక్కులు కూడా పంచుకుంటున్నారు.

నెల్లూరులోనూ కాగితం మీద రాసుకుందాం. స్థలం, కట్టడం బాప్టిస్టు సంఘానివేనని, మాకు ఆదివారం సాయంత్రాలు తప్ప మరే హక్కూ లేదని, ఏడాదికొకసారి ఇరు సంఘాల పెద్దలు సమ్మతిస్తేనే కొనసాగాలని అందులో ఉండాలి. కరెంటు ఖర్చులో, మరమ్మతులలో మా వంతు మేము చెల్లిస్తాం. పసిబిడ్డల బాప్తిస్మాలను మేము గూడూరులోని మా ఆలయంలోనే జరుపుకుంటాం. ఇది మాకు సులభమైన మాట కాదు. బిడ్డ బాప్తిస్మం సంఘమంతటి ఎదుట జరగాలన్నది మా ఆచారం. ఈ షరతులతో కూడా అభ్యంతరం ఉంటే, అది ఏ షరతు మీదో తెలియజేయమని ఒంగోలు సహోదరులను కోరుతున్నాను.