పద్మినిలో పెట్రోల్ పొంగుతోంది: తప్పు ఈ20దా, నీడిల్ వాల్వుదా?

బెజవాడ87: నాన్నగారి 1987 ప్రీమియర్ పద్మిని కారు. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. పటమట నుంచి బీసెంట్ రోడ్డుకి వెళ్లి, పది నిమిషాలు ఆపి తీస్తే మళ్లీ అందుకోదు. ఇంజిన్ నడిచేటప్పుడు కారదు, ఆపాక బానెట్ ఎత్తితే కార్బ్యురేటర్ కింద తడి, ముక్కులు పగిలే వాసన. ప్లగ్గులు నల్లగా, తడిగా ఉన్నాయి. పోయిన నెలే 600 పెట్టి కార్బ్యురేటర్ కిట్ వేయించాను. మెకానిక్కేమో ‘అంతా ఈ20 మహిమ సార్’, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌దే తప్పు అంటున్నాడు. నిజమేనా?

గుంటూరు ఫియట్: నూటికి నూరుపాళ్లు నిజం. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది. ట్యాంకులో ఏళ్లుగా పట్టిన జిగురును కడిగి తెస్తుంది, ఆ మడ్డంతా వచ్చి కార్బ్యురేటర్లోకి పెట్రోల్ రాకుండా మూసే నీడిల్ కింద కూర్చుంటుంది. నా బండి పెట్రోల్ పైపు వేలితో నొక్కితే నానబెట్టిన అప్పడంలా ఉంది. ఈ20ని తట్టుకునేలా బండ్లు చేయడం 2023 ఏప్రిల్ నుంచే. ఇథనాల్ కలపని పెట్రోల్ కూడా అమ్మమని వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక మన గోడు ఎవరు వింటారు?

చోక్ లాగు: తడి ఆరేదాకా సెల్ఫ్ కొట్టొద్దు బ్రో. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆటోనగర్ బాబాయ్: పెట్రోల్ ఏదైనా, పొంగిందంటే నీడిల్ సరిగా మూసుకోవడం లేదు, లేదా పెట్రోల్ మీద తేలుతూ దాన్ని మూసే ఫ్లోట్ లేవడం లేదు. ఫ్లోట్ తీసి చెవి దగ్గర ఊపి చూడు, లోపల పెట్రోల్ ఉంటే చప్పుడొస్తుంది. ఇత్తడిదైతే వేడినీళ్లలో ముంచు, చిల్లుంటే బుడగలొస్తాయి. ఇంకోటి. సోలెక్స్ కార్బ్యురేటర్లో నీడిల్ వాల్వు కింద వాషర్ ఉంటుంది. బౌల్లో పెట్రోల్ లెవెల్ సెట్ చేసేది ఆ వాషర్ మందమే, పల్చగా ఉంటే లెవెల్ పెరుగుతుంది. కిట్ మార్చినప్పుడు పాత మందమే వేశారా?

గుంటూరు ఫియట్: వాషర్ పొంగిస్తుందా! ఇంజిన్ నడిచేటప్పుడు కారడం లేదు, ఆపాకే కారుతోందని రాశారు కదా. ఆ వేడికి బౌల్లోని పెట్రోల్ మరుగుతోంది. ఇథనాల్ కలిస్తే ఆవిరి ఇంకా తొందరగా పడుతుంది.

ఆటోనగర్ బాబాయ్: మరగొచ్చు, కాదనను. కానీ ఆపాక పంపు పైపులో ప్రెషర్ కాసేపు నిలుస్తుంది. నీడిల్ లీకైతే అది కూడా అప్పుడే పొంగుతుంది. తేల్చడానికి రూపాయి ఖర్చులేదు. బండి ఆపగానే కార్బ్యురేటర్‌కి వెళ్లే పైపుని క్లాంపుతో నొక్కిపెట్టు. అయినా కారితే వేడి. ఆగితే నీడిల్ లేదా లెవెల్.

గుంటూరు ఫియట్: మెకానిక్కులకి ఎప్పుడూ ఏదో ఒక పార్టే తప్పు. మొన్న నీడిల్, ఇవాళ వాషర్, రేపు ఫ్లోట్. మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఆటోనగర్ బాబాయ్: నేనెవర్నీ డబ్బులడగలేదు బాబూ. 31 ఏళ్లు ఈ చేతులు పెట్రోల్లో నానాయి. ఇప్పుడు రిటైరయ్యాను.

గుంటూరు ఫియట్: నేను మీ గురించి అనలేదు. ఒక షెడ్డులో బండిని నాలుగు నెలలు వదిలాను. తిరిగొచ్చేసరికి ఒరిజినల్ సోలెక్స్ మాయం, దాని స్థానంలో డూప్లికేట్. అడిగితే ‘మీ దాంట్లో ఉన్నదే ఇది’ అన్నారు. మా నాన్న కొన్న బండి అది.

చోక్ లాగు: అబ్బ, అసలు మంట ఇదన్నమాట.

ఆటోనగర్ బాబాయ్: దొంగతనం దొంగతనమే, వాణ్ణి నేను వెనకేసుకు రాను. కానీ కిట్ 600 అని అందరూ రాస్తారు. పనికి ఎంతిచ్చారో ఎవరూ రాయరు. పాత వాషర్ మందం చూడటానికి, లెవెల్ సరిచేయడానికి పూట పడుతుంది. ఆ పూటకి కూలి ఇవ్వకపోతే ఎవడైనా కొత్తది బిగించి పంపేస్తాడు. పొంగితే ఈ20 అంటాడు.

బెజవాడ87: పనికి 200 ఇచ్చాను బాబాయ్ గారూ. నిజానికి నాకు ఇది ఈ20 కాకూడదని ఉంది. ‘ఇక ఈ పెట్రోల్‌తో పాత బండ్లు నడవవు, అమ్మేద్దాం’ అని అన్నయ్య ఇంట్లో అప్పుడే బేరం మొదలెట్టాడు. రేపు క్లాంపు పెట్టి చూస్తాను.

బెజవాడ87: (రెండు రోజుల తర్వాత) క్లాంపు పెడితే చుక్క కారలేదు. రెండుసార్లు చూశాను. మూత విప్పితే నీడిల్ కింద వాషర్ కాగితమంత పల్చగా ఉంది. పాతది నాన్న టూల్ బాక్సులో అగ్గిపెట్టెలో దొరికింది, దానికి రెట్టింపు మందం. అది వేసి బీసెంట్ రోడ్డుకి వెళ్లొచ్చాను. తడి లేదు. ఫ్లోట్‌లో చప్పుడు కూడా లేదు.

గుంటూరు ఫియట్: సంతోషం. మే నెల ఎండలో చూడండి, అప్పుడు నా మాట గుర్తొస్తుంది. ఆ పెట్రోల్ పైపు మాత్రం ఇప్పుడే మార్చేయండి.

ఆటోనగర్ బాబాయ్: పైపు విషయంలో గుంటూరాయన చెప్పింది కరెక్టే, మార్చు.

గుంటూరు ఫియట్: బాబాయ్ గారూ, ఒక్క మాట. నా దాని మీదున్నది డూప్లికేటో కాదో ఫోటో పెడితే చెప్పగలరా?

ఆటోనగర్ బాబాయ్: పెట్టు. ఫ్లోట్ చాంబర్ మూత తీసి, లోపలిది కూడా పెట్టు.